సిస్టర్‌కు అప్పగించలేని చార్జి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జనవరి ఇరవై నాలుగున, మాజీ సైనికుల వైద్య శిబిరం కోసం నన్ను కవిటికి పంపారు. అప్పటికి నేను తూర్పు తీరంలోని ఒక సైనిక ఆసుపత్రిలో మేజర్ హోదాలో నర్సింగ్ అధికారిని. శిబిరం అక్కడి ఉన్నత పాఠశాలలో రెండు రోజులు. జట్టులో నాతోపాటు కెప్టెన్ హోదా గల యువ వైద్యుడు, కేరళకు చెందిన నర్సింగ్ అధికారి లెఫ్టినెంట్ షీబా, సోంపేట వాడైన నర్సింగ్ అసిస్టెంట్ లోకనాథం ఉన్నారు. ఒక అంబులెన్సు, ఒక జీపు ఇచ్చారు.

మాది అక్కడికి దగ్గరలోని నందిగాం మండలం. అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. సొంత ప్రాంతంలో, సొంత భాషలో పనిచేసే అవకాశం నా సర్వీసులో ఆ ఒక్కసారే దక్కింది. ఆ ఆదేశం ఇచ్చినవారికి నేటికీ కృతజ్ఞురాలిని.

మా విభాగం గురించి బయటివారికి తెలిసినది తక్కువ. సైన్యంలో నర్సింగ్ అధికారులు కమిషన్ పొందినవారు. లెఫ్టినెంట్ భుజాన రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కు మూడు, మేజర్‌కు సింహాల చిహ్నం, తక్కిన సైన్యంలో ఉన్నట్టే ఉంటాయి. అయితే సిపాయి నుంచి జనరల్ వరకు అందరి నోటా మేము సిస్టర్లమే. ఆసుపత్రి నర్సింగ్ విభాగానికి పెద్దను మేట్రన్ అంటారు. ఆమె కల్నల్ కావచ్చు. పిలుపు మాత్రం అదే.

కవిటికి బయలుదేరే ముందు మా మేట్రన్ నాకు మరో పని అప్పగించారు. స్త్రీలను మాత్రమే సూచించే ఇలాంటి పదవీ నామాలను తొలగించి, స్త్రీ పురుషులకు సమానంగా వర్తించే పేర్లు పెట్టవచ్చా అని పై కార్యాలయం అభిప్రాయాలు కోరింది. మా ఆసుపత్రి పక్షాన జవాబు ముసాయిదా నేను రాయాలి. జట్టులోని వారి అభిప్రాయాలు కూడా తీసుకోమన్నారు.

మొదటిరోజు శిబిరం ముగిశాక, బడి వరండాలో టీ తాగుతూ ఆ విషయం ఎత్తాను. షీబాకు సందేహం లేదు. ఒకే గదిలో, ఒకే సిపాయి, కెప్టెన్‌ను సర్ అని, ఆయనకంటే పై హోదాలో ఉన్న నన్ను సిస్టర్ అని పిలుస్తాడని, భుజాన ఉన్నదాన్ని నోట పలకడానికి అభ్యంతరమేమిటని ఆమె వాదన. కెప్టెన్ నవ్వి, ఉత్తర్వులతో రోగుల నాలుకలు తిరగవన్నారు. లోకనాథం మాత్రం తన బాధ చెప్పుకున్నాడు.

“పేరు మారిస్తే నాకే మేలు మేడమ్. రేపు మగోళ్లని కూడా మీ సర్వీసులోకి తీసుకుంటే ఏటని పిలుత్తారు? బ్రదరంటారా? ఇప్పుడైతే వార్డులో నన్ను ‘ఒరే నర్సింగూ’ అంతన్నారు. అది పేరో, తిట్టో తెలీదు.”

అందరం నవ్వాం. నా అభిప్రాయం వేరు. వైద్యుడికి చెప్పని నొప్పిని సిస్టర్‌కు చెప్పుకున్న జవాన్లను నేను చాలామందిని చూశాను. ఆ పిలుపు వల్లనే వారు నోరు విప్పారు. పైగా మా అమ్మ, దేశమంతటా తన కూతురికి అన్నదమ్ములున్నారని జీడి కార్ఖానాలో అందరికీ చెప్పుకునేది. ఆ పేరును తీసివేయమని నా చేత్తో రాయడానికి మనసొప్పలేదు. పాత పేర్లే కొనసాగాలని రాస్తానని జట్టుకు చెప్పాను. షీబా ఎదురు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

రెండోరోజు కెప్టెన్, మంచం పట్టిన ఒక మాజీ సుబేదారును చూడడానికి జీపులో తీరం వైపు వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే దమయంతి అనే ఆమె తన భర్తను ఆటోలో తీసుకొచ్చింది. ఆయన మాజీ హవల్దార్ ఢిల్లేశ్వరరావు. కాళ్లు, ముఖం వాచి ఉన్నాయి. ఆయాసపడుతున్నారు. కవిటి చుట్టుపక్కల ఈ ఉద్దానం ప్రాంతంలో చాలామందికి ఉన్న మూత్రపిండాల జబ్బే. పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఈ వారం వెళ్లలేదు. వెళ్లొచ్చిన రోజంతా నీరసంగా ఉంటుందని, మర్నాడు గణతంత్ర దినోత్సవమని ఆయన చెప్పిన కారణం. ఆ బడిలో ఏటా పిల్లల కవాతు నడిపించేది ఆయనే.

ఇ.సి.జి. తీయించాను. రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు కనిపించే నిటారు అలలు ఉన్నాయి. అలాంటప్పుడు గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు. ఫోనులో కాగితం చిత్రం పంపగా కెప్టెన్ చూసి, ఒక ఇంజెక్షన్ చెప్పి, వెంటనే పలాస తరలించమన్నారు. రోగితో కూడా మాట్లాడారు. హవల్దార్ “జీ సాబ్, జీ సాబ్” అన్నారు. ఫోను పెట్టేశాక కుర్చీలోంచి లేవలేదు.

“సిస్టరమ్మా, సూది ఎయ్యండి. రేపు కవాతు అయిపోయాక ఎల్తాను.”

సూది వేస్తూ, ఆ మందు ప్రభావం కొద్దిసేపేనని, రేపటి వరకు ఆగితే ప్రాణానికి ప్రమాదమని చెప్పాను. నాదీ ఈ ప్రాంతమేనని, అన్నయ్యా అని బతిమాలాను.

“సెల్లెలివి కదా, ఒక్క పూట ఆగలేవా? పోనీ, పొద్దున్న జెండా ఎగరేసీగానే ఎల్తాను. అంతకన్నా దిగను.”

“ఇదేటి మావా, సంతలో బేరమా?” అని దమయంతి విరుచుకుపడింది. “నా మాట ఇనవు, సిస్టరమ్మ మాట ఇనవు. రేపు నీకు జెండా కప్పాలేటి?”

నిర్బంధించి తీసుకువెళ్లే అధికారం మాకు లేదు. ఆయన విశ్రాంత సైనికుడు, తెలివిలో ఉన్నారు. ఒప్పించడమొక్కటే మార్గం. నేను ఎంత మెత్తగా చెబితే ఆయన అంత గారాబంగా బేరమాడుతున్నారు. అవతల ఆయాసం పెరుగుతున్నది.

అంతలో షీబా వచ్చింది. స్ట్రెచర్, అంబులెన్సు సిద్ధం చేయించి వచ్చి, నా ఎదుట ఆగి, సెల్యూట్ చేసి, మేజర్ సాబ్, అంబులెన్సు తయారుగా ఉందని హిందీలో నివేదించింది. రోజూ ఆమె నాకు అలా నివేదించదు. కావాలనే చేసిందని తరువాత తెలిసింది. హవల్దార్ చూపు ఆమె భుజం మీదికి, తరువాత నా భుజం మీదికి వెళ్లింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు, నేను ఆపాను.

“మేజర్ సాబ్‌తోనా ఇంతసేపూ బేరమాడినాను!” అన్నారు. కొంచెం ఊపిరి తీసుకుని, అప్పటిదాకా నాతో చెప్పని మాట చెప్పారు. “సాబ్, నాను ఎల్తాను. నా బదులెవరు? బదిలీ మనిషి రాకుండా పోస్టు ఎలా ఒగ్గేత్తాను?”

అప్పుడు నాకు అర్థమైంది. సైన్యంలో కాపలా సిపాయి తన బదులు మనిషి వచ్చి చార్జి తీసుకునేవరకు స్థానం వదలడు. అది శిక్షణలో మొదటి పాఠం. ఆయన మొండితనమని మేమనుకున్నది ఆ పాఠమే. రేపటి కవాతు ఆయన పోస్టు. చెల్లెలు ప్రేమగా బతిమాలవచ్చు గాని, పోస్టు చార్జి తీసుకోలేదు. హోదాతో ఎదురుగా నిలబడ్డవారే తీసుకోగలరు.

“హవల్దార్ ఢిల్లేశ్వరరావు, రేపటి కవాతు చార్జి లెఫ్టినెంట్ షీబా తీసుకుంటారు” అన్నాను.

ఆయన షీబాను పరికించి చూశారు. “గొంతు లేస్తాదా సాబ్?” అని నన్నడిగారు.

నేను అనువదించనక్కరలేకపోయింది. షీబా వరండా అంచుకు వెళ్లి, మైదానంలో సాధన చేస్తున్న పిల్లల వైపు తిరిగి “సావధాన్!” అని ఆజ్ఞ ఇచ్చింది. పిల్లలతోపాటు, మందుల కోసం వరుసలో నిలబడ్డ ముసలి మాజీ సైనికులు కూడా మడమలు కలిపారు. లోకనాథం చేతిలోని ట్రేతో సహా బిగుసుకున్నాడు.

హవల్దార్ జేబులోంచి ఈల తీసి ఆమె చేతిలో పెట్టారు. “లెఫ్టినెంట్ సాబ్, చార్జి తీసుకోండి. మూడో వరుసలో పొట్టోడు ఎడంకాలు తప్పుతాడు, సూసుకోండి.” ఆ తరువాత మారుమాట లేకుండా స్ట్రెచర్ మీద పడుకున్నారు.

పలాస వరకు నేను అంబులెన్సులో వెంట ఉన్నాను. అక్కడ ఆసుపత్రి వారు ఆలస్యం చేయకుండా డయాలసిస్ యంత్రానికి కలిపారు. వారి త్వరిత సహాయం మరువలేనిది. సాయంత్రానికి ఇ.సి.జి.లో అలలు మామూలు స్థితికి వచ్చాయి. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. మర్నాడు ఉదయం కవిటి నుంచి లోకనాథం ఫోను చేసి కవాతు వినిపించాడు. హవల్దార్ కళ్లు మూసుకుని విని, “ఆవిడ రెండో ఆజ్ఞకి కాసింత తొందరపడ్డాది. మిగతాది బాగున్నాది” అన్నారు. వెంటనే నా వైపు తిరిగి, “సిస్టరమ్మా, గొంతెండిపోతన్నాది. ఒక్క గుక్క నీళ్లియ్యమ్మా” అని అడిగారు. నీళ్లు కొలిచి ఇవ్వవలసిన రోగి కనుక చెంచాతో ఇచ్చాను.

ఆసుపత్రికి తిరిగి వచ్చాక ముసాయిదా రాశాను. ఉత్తర్వులలోను, డ్యూటీ పట్టికలలోను, పేరు పలకల మీదను హోదా, దాని పక్కన నర్సింగ్ అధికారి అన్న పేరు మాత్రమే ఉండాలని, స్త్రీలకూ పురుషులకూ అదే వర్తించాలని రాశాను. రోగులు ప్రేమతో పిలిచే పిలుపు మీద ఏ నిబంధనా పెట్టవద్దని చివర చేర్చాను. కవిటిలో నేను చెప్పినదానికి ఇది విరుద్ధం. షీబాను పిలిచి ముసాయిదా చదివించి, కృతజ్ఞతలు చెప్పాను. నేను సర్వీసులో ఉన్నంతకాలం పై నుంచి ఏ నిర్ణయమూ రాలేదు.

పదవి పేరు దాన్ని ధరించినవారి గౌరవానికి సంబంధించినదని అంతవరకు అనుకునేదాన్ని. ముందుగా అది ఎదుటివారి అవసరం. తన బాధ్యతను ఎవరి చేతిలో పెట్టి వెళ్లవచ్చునో మనిషికి స్పష్టంగా తెలియాలి. స్ట్రెచర్ మీద పడుకోవడానికి ముందు ఢిల్లేశ్వరరావు గారికి కావలసినది అదొక్కటే.