బొట్టు పెట్టిన బంతి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు నచ్చే మనిషి ఒక్కడే, కిక్కర్. మిగతావాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే అతను మాత్రం మట్టి అంటని బట్టలతో ఓ పక్కన నిలబడి ఉంటాడు. వీళ్ళు నెట్టుకుని నెట్టుకుని, ఇక ముందుకు పోలేమని తేలాక అతన్ని పిలుస్తారు. వచ్చి ఒక్క తన్ను తంతాడు. బంతి అడ్డకర్ర మీదుగా రెండు స్తంభాల మధ్యనుంచి పోతే మూడు పాయింట్లు. పోకపోతే జట్టు మొత్తం ఓడిన పాపం అతని నెత్తినే. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రిపోర్టు సరిగ్గా ఉన్నన్నాళ్ళూ మేమున్నామని ఎవరికీ గుర్తుండదు, కాబట్టి అతని కష్టం నాకు తెలుసు.

కెనడాలో, ఒంటారియోలోని మా లండన్‌కి వచ్చిన కొత్తల్లో ఆదివారం మ్యాచ్‌లు మా ఆయన కోసం చూసేదాన్ని. యాభై గజాల నుంచి కిక్ అంటే, ఇది అయ్యే పని కాదులే అని పప్పు సంగతి చూడ్డానికి లేచేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ నా లెక్క తప్పడం మొదలైంది. నేను పోపు వేస్తుండగానే హాల్లోంచి కేక వినబడేది. ఇప్పుడైతే అరవై గజాల నుంచి కూడా జంకు లేకుండా కొట్టేస్తున్నారు. కిక్కర్ మైదానంలోకి వస్తే పప్పు మాడితే మాడిందని కూర్చుండిపోతున్నాను.

“గాలి కలిసొచ్చిందంతే,” అని మా ఆయన తేలిగ్గా తీసిపారేసేవారు. నాకు ఒళ్ళు మండేది. గాలి నిన్న పుట్టిందా? ఏడాది పొడుగునా ఆ ఒక్క తన్నే సాధన చేస్తారు వాళ్ళు. దానికి విడిగా కోచ్‌లు. బంతి విసిరేవాడు, దాన్ని నేల మీద నిలబెట్టి వేలితో పట్టుకునేవాడు, తన్నేవాడు, ముగ్గురికీ రోజూ అదే పని. కొత్త బంతి రాయిలా ఉంటుందని బ్రష్‌తో రుద్ది రుద్ది మెత్తబరుస్తారు కూడా. వీడియోలు చూసి చూసి ఇవన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

నిరుడు మా ఆసుపత్రిలో పిల్లల వార్డుకి విరాళాల కోసం ఒక పోటీ పెట్టారు. ఒక్కో డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరు, ఇరవై అయిదు గజాల నుంచి రెండు కిక్‌లు. బంతి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవచ్చు, పట్టుకునే మనిషిని కూడా. ఎవరూ ముందుకు రాకపోతే ల్యాబ్ తరఫున నేను చెయ్యెత్తాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

“నువ్వా? మెట్లెక్కితేనే మోకాలు నొప్పంటావ్ కదా.”

“నొప్పి ఎడమ మోకాలికి. తన్నేది కుడికాలితో.”

తన్నేటప్పుడు ఒంటి బరువంతా మోసేది ఆ ఎడమకాలే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ నవ్వు మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. నలభై ఆరేళ్ళొచ్చాయి, నలుగురూ చూస్తుండగా ఒక్కసారైనా ఆ కర్ర దాటించి తీరాలని పట్టుబట్టాను.

ఎండాకాలమంతా సాయంత్రం పూట మా ఇంటి వెనక స్కూలు గ్రౌండ్‌కి పోయేదాన్ని. మొదట్లో బంతి గడ్డి మీద దొర్లుతూ పోయేది. బంతులు ఏరిపెడతానని వచ్చిన మా ఆయన, వారం తిరక్కుండానే మోకాళ్ళ మీద కూర్చుని బంతిని వేలితో పట్టుకోవడం మొదలుపెట్టారు. “కొంచెం లీన్ అవుతున్నావ్, స్ట్రెయిట్‌గా ఉండు,” అని సలహాలు కూడా. గాలి సిద్ధాంతం ఆయన మరిచిపోయారు, నేనూ గుర్తుచేయలేదు. సెప్టెంబరు వచ్చేసరికి చాలాసార్లు దాటేది. కుక్కని తిప్పడానికి వచ్చినవాళ్ళెవరైనా ఆగి చూశారో, ఇక అంతే సంగతులు. ఎదురుగా మనిషి ఉంటే నా కాలికి సిగ్గు.

పోటీ సరిగ్గా దసరా మర్నాడు పడింది. మా ఇంట్లో ఆయుధపూజ మా ఆయన చేతిమీదుగానే జరగాలి. షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి గరాజ్‌లో కారు, మంచు ఎత్తే పార, డ్రిల్లింగ్ మెషీను, ఆయన ల్యాప్‌టాప్, అన్నీ బొట్లతో వెలిగిపోతున్నాయి. వాటి మధ్య పీట మీద నా బంతి. పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పైన ఒక చామంతి ఉంచారు.

“నీ ఆయుధం ఇదేగా,” అన్నారు.

పొట్ట పట్టుకుని నవ్విన మనిషేనా ఈయన అనిపించింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది.

“ఇప్పుడు దీన్ని తన్నడం ఎలాగండీ?”

ఆయన ముఖం చూడాలి. న్యూస్‌పేపరుకి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పుట్టాం ఇద్దరం. కావాలని పూజ చేసిన వస్తువుని, కావాలని కాలితో.

“పోనీ కొత్తది కొనుక్కొస్తా.”

“కొత్తది బండరాయి. దీన్ని మెత్తన చేయడానికి ఎండాకాలమంతా పట్టింది నాకు.”

ఆయన తల గోక్కున్నారు. “కారుకీ పూజ చేశాంగా. బ్రేక్ కాలితోనే కదా నొక్కేది?”

“నొక్కడం వేరు, తన్నడం వేరు.”

చివరికి ఆయనే దారి చూపించారు. పోటీకి బయల్దేరే ముందు హారతిచ్చి, ఉద్వాసన మంత్రం చదివి, వచ్చిన అమ్మవారిని సాగనంపి, పీటని ఓ పక్కకి జరిపారు. “అయిపోయింది. ఇంక ఇది వట్టి బంతి,” అన్నారు. నా బుర్ర ఒప్పుకుంది. కాలు ఒప్పుకున్నదీ లేనిదీ మైదానంలోగానీ తెలియలేదు.

ఎండ బాగా కాసింది, గాలి పెద్దగా లేదు. మైదానం పక్క మెట్ల మీద నర్సులు, డాక్టర్లు, వాళ్ళ పిల్లలు. పసుపు తుడిచినా కుట్ల సందుల్లో కుంకుమ ఎర్రగా కనిపిస్తూనే ఉంది. పరుగెత్తాను, ఆఖరి అడుగులో కాలు మెత్తబడిపోయింది. బంతి సగం దూరం పోయి చతికిలబడింది. మెట్ల మీద నుంచి జాలిగా చప్పట్లు వినిపించాయి. తిడితే పడతాను గానీ ఆ చప్పట్లు నా వల్ల కాదు.

మా ఆయన బంతి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. నేను వంగి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. క్షమించమన్నాను కూడా. అప్పుడు చూశాను, బంతి పక్కనే ఆయన చెయ్యి. ఎండాకాలమంతా ఎన్నడూ పట్టించుకోలేదు. మొగుడి చేతికి బెత్తెడు దూరంలో కాలు విసురుతున్నానన్న సంగతి ఇప్పుడే తట్టాలా?

“మళ్ళీ ఏమైంది?” అన్నారు నెమ్మదిగా.

“కాలు మీకు తగులుతుందేమోనని.”

ఆయన తలెత్తలేదు. “తగిలితే తగిలింది. నీ బదులు నేను కళ్ళకద్దుకుంటాలే. నువ్వు తన్ను.”

నాకు నవ్వొచ్చేసింది. ఆ నవ్వుతోనే వెనక్కి నడిచి, ఆ నవ్వుతోనే పరుగెత్తాను. కాలు ఎక్కడా ఆగలేదు. దిండు మీద గట్టిగా చరిచినట్టు మంచి చప్పుడైంది. బంతి లేచి, పల్టీలు కొడుతూ, కర్ర మీదుగా, ఇంకా బోలెడు జాగా మిగిల్చి మరీ దాటిపోయింది. మెట్ల మీద జనం ఒక్కసారిగా లేచారు. అవి జాలి చప్పట్లు కావు.

బంతి పట్టుకునే మనిషి తల తిప్పకూడదని నేనే ఆయనకి నేర్పాను. పాపం, ఆయన ఇంకా ఖాళీ గడ్డి మీద వేలు ఆనించి, నేలకేసి చూస్తూనే ఉన్నారు.

“దాటిందా?” అన్నారు.

కిక్ దాటిందని చెప్పే రిఫరీలాగా రెండు చేతులూ నిటారుగా పైకెత్తాను. ఆయన ఆ చేతులు చూశారు, నా ముఖం చూశారు. మోకాళ్ళ మీద ఉన్నవారు ఉన్నట్టే ఆయన కూడా రెండు చేతులూ ఎత్తారు.