రెండు వీధుల పెరుగు

మా మేడం పోయారని ఫోన్ వచ్చేసరికి నేను పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆమె దగ్గరికే బయల్దేరాను. సంచిలో మూత గట్టిగా పట్టే స్టీలు గిన్నె ఉంది. "ఈసారి వచ్చేటప్పుడు గిన్నె తెచ్చుకో" అని మొన్ననే ఆమే చెప్పారు. ఇప్పుడు ఫోన్‌లో ఆమె పక్కింటావిడ, "తెల్లారేసరికి లేదమ్మా, తలలో నరం చిట్లిందంట" అంది. బీపీ. జీవితమంతా రక్తపోటు మీద పనిచేసిన మనిషిని ఆ రక్తపోటే తీసుకుపోయింది. దీన్ని విధి అని సరిపెట్టుకునేంత మంచిదాన్ని కాను నేను.

మేడం మాకు డిగ్రీలో మైక్రోబయాలజీ చెప్పేవారు. వేముల వైపు క్రైస్తవ కుటుంబం, వాళ్ల తాత మిషన్ బడిలో పంతులు. పెళ్లి చేసుకోలేదు. ఎవరింటికి పోయినా కాఫీ వద్దని పెరుగు అడిగేవారు. అరచేతిలో ఒక చుక్క వేసుకొని నాలుకకు తాకించి, కళ్లు మూసుకొని కాసేపు ఊరుకునేవారు. అప్పుడు ఎవరు పలకరించినా జవాబు ఉండేది కాదు.

"తోడుకోవడమంటే పాలు గడ్డకట్టడం ఒకటే అనుకుంటాండారా? ఆ బ్యాక్టీరియా కూర్చోని పాలల్లో ప్రొటీన్‌ను తరుగుతాంటాది" అనేవారు క్లాసులో. అలా తరిగిన చిన్న ముక్కలే పెప్టైడ్లు. వాటిలో కొన్ని బిగుసుకున్న రక్తనాళాలను కాస్త వదులు చేస్తాయి. ఏ ఇంటి పెరుగులోని బ్యాక్టీరియా ఆ ముక్కలను బాగా చేస్తుందో వెతకడం ఆమె పని. "మన జిల్లాలో అందరికీ రక్తం మరుగుతానే ఉంటాది, మనం గాకుంటే ఎవురు చేస్తారే ఈ పని?" అని నవ్వేవారు. అంతలోనే వేలు చూపించి, "పెరుగు తింటాండా గదా అని ఎవురన్నా మాత్ర మానేస్తే నా కాడికి రావద్దు" అనేవారు.

ఆ వెతుకులాటలో జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెకు ఆమె వెంట నేనూ పోయాను. పల్లె పేరు చెప్పను. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. పై వీధి పెద్దింట్లో అవ్వ తోడు ఇవ్వడానికి ఒప్పుకుంది కానీ, మేడం కులం విచారించుకొని, గిన్నె కింద పెట్టించి పైనుంచి పోయబోయింది. మేడం ముఖం మారలేదు. "అంత ఎత్తు నుంచి పోస్తే గాలి తగులుతాది అవ్వా, శాంపిల్ చెడిపోతాది. గరిటె గిన్నెకు ఆనించి పొయ్యి" అన్నారు. అవ్వ ఆనించే పోసింది. కింది వీధి పెద్దింటి అవ్వ దగ్గరా అదే తంతు. ఆ ఒక్క విషయంలో రెండు పార్టీలూ ఒకటే.

ల్యాబులో చూస్తే ఆ రెండు పెరుగులూ విడివిడిగా మామూలువే. రెండింటినీ ఒకే పాలల్లో వేసి చూద్దామని మేడంకు తోచింది. ఒకటి ప్రొటీన్‌ను పొడవుగా చీలిస్తే ఇంకోటి దాన్ని సన్నగా తరిగింది. కావలసిన పెప్టైడ్లు అప్పుడు దండిగా వచ్చాయి. మేడం సంతోషంతో ఆ రోజు క్లాసు ఎగ్గొట్టారు. "నరకడంలో మనోళ్లను మించినోళ్లు లేరని ఊరికే అన్యారా!" అన్నారు నాతో.

ఆ సంతోషంలోనే ఒక పొరపాటు చేశారు. జిల్లా పేపరు విలేకరి వస్తే, ఫలానా పల్లెలో రెండు వీధుల తోడూ కలిసి ఇంత మేలు చేసిందని చెప్పేశారు. మంచి మాటే కదా అనుకున్నారు. తోడు ఊరికే పుల్లటి చుక్క కాదు మా వైపు. దాని వెంట ఇంటి పాడి పోతుందంటారు. దీపం పెట్టాక సొంత చెల్లెలికి కూడా ఇవ్వరు. అలాంటిది ఎలక్షన్ల ముందు, పగవాళ్ల తోడుతో కలిపామని పేపర్లో వేశారు.

జీపులో పై వీధి మనుషులు వచ్చారు. ల్యాబులోకి చెప్పులతోనే దిగారు.

"మేడం, మా ఇంటి తోడు మాకిచ్చేయ్."

"దానికేందప్పా, ఒక చెంచా తీసుకపో."

"చెంచా గాదు. వాళ్లదాంట్లో కలిపినావంట గదా, వేరుజేసి ఇయ్యి. మా పాడి వాళ్ల కుండలో ఉండే పని లేదు."

మేమెవరమూ నవ్వలేదు. అది నవ్వే కాలం కాదు. మేడం మాత్రం, పాఠం అర్థం కాలేదన్న పిల్లలకు చెప్పినట్టే చెప్పారు. "వేరుజేయొచ్చు నాయనా. కానీ వేరుజేస్తే మీదీ ఉత్త పెరుగే, వాళ్లదీ ఉత్త పెరుగే."

"ఉత్తదే ఇయ్యి. మాకు మాదే కావాల."

సాయంత్రానికి కింది వీధి నాయకుడి నుంచి కూడా ప్రిన్సిపాల్‌కు అదే మాట వచ్చింది. ఆయన అటెండరు చేత ఫినాయిలు డబ్బా మోయించుకొని వచ్చి, "నాకు పిల్లలు ఉండారు మేడం" అని, తోడున్న ఒక్కొక్క గాజు గొట్టాన్నీ సింకులో ఒంపించాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. మా జిల్లాలో ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదు. మళ్లీ పల్లెకు పోయి తోడు అడిగే వీలు లేకపోయింది. కింది వీధి అవ్వ కొడుకును జమ్మలమడుగు రోడ్డులో నరికేశారు. అది వేరే పాత పగ. ఆ ఇంటికి తాళం పడింది, మళ్లీ తెరుచుకోలేదు.

అయితే రెండు వీధుల తోడు కలిసిన ఆ జోడు చావలేదు. అప్పటికే మేడం ఇంట్లో పెరుగు దాంతోనే తోడుకుంటూ ఉంది. పాలు మార్చుకుంటూ అన్నేళ్లూ వంటింట్లో దాన్ని బతికించుకున్నారు. ఊరూరా తిరిగి తోడు అడిగిన మనిషి, తాను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పక్కింటావిడ అడిగితే "లేదమ్మా" అనేవారు. ఎన్నోసార్లు నేనూ అడిగాను, ఏ పెద్ద ల్యాబుకైనా పంపుదామన్నాను. "బయటికి పోతే మళ్లీ ఎవురో ఒకరు వేరుజేయమంటారు. నా ఇంట్లోనే ఉండనీ" అన్నారు. మొన్న ఫోన్‌లో మాత్రం, "నేనూ ఆ వీధుల మనిషినే అయిపోయినానే. నాది నాకే అని దాచుకుంటి" అన్నారు. గిన్నె తెచ్చుకోమన్నది ఆ తర్వాతే.

నేను చేరేసరికి మేడంను వరండాలో పడుకోబెట్టారు, లోపల ఇల్లంతా కడిగి ఉంది. రెండు పార్టీల వార్డు నాయకులూ దండలు పంపారు, కాలేజీ కూడా పంపింది. వాటిని పక్కకు జరిపి దగ్గరికి పోయాను. మేడం ముఖం మాత్రం పెరుగు రుచి చూస్తున్నప్పటిలా, కళ్లు మూసుకొని, పలకరించవద్దన్నట్టుగా ఉంది. దండం పెట్టుకొని వంటింట్లోకి పోయాను.

పక్కింటావిడ పాపం పొద్దున్నుంచి ఒక్కతే పనంతా చేసింది. చీర కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"పెరుగు యాడుందక్కా?" అన్నాను.

"చావింట్లో ఉండగూడదు గదమ్మా, పారబోసినా. శానా బాగా తోడుకోనుండె. గిన్నె గూడా తోమిపెట్టినా చూడు."

నా సంచిలో గిన్నె ఖాళీగా ఉంది. గట్టు మీద మేడం గిన్నె, బూడిదతో తళతళలాడేలా తోమి, బోర్లించి ఉంది. అంచు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.