కప్పు కూలిన నింద

గోదావరికి అవతల, ఆదిలాబాదు జిల్లా బొగ్గు బస్తీలో పుట్టాను. మా బాపు బొగ్గు కొట్టేవాడు. నిజాం రోజుల్లో నన్ను కన్న అవ్వ కూడా బాయి అని పిలిచే ఆ బొగ్గు గనిలోకి దిగి తట్టలు మోసింది. నేను చదువుకుని కరీంనగర్ కాలేజీలో చరిత్ర పంతులమ్మనయ్యాను. మంథనిలో, వేములవాడలో సభలెక్కి మూఢనమ్మకాల మీద గొంతు చించుకున్నాను. ఆ గొంతు అవ్వ ముందు ఎన్నడూ పనిచేయలేదు.

అవ్వ పనిచేసిన బాయిలో ఒకనాడు పైకప్పు కూలి మనుషులు పోయారు. ముట్టు అయిన ఆడది దిగినందుకే బాయిని కాచే మైసమ్మ తల్లి కోపగించిందని మేస్త్రీలు ప్రచారం చేశారు. ఆ రోజు అవ్వ ముట్టులోనే ఉంది. పని మానితే కూలి పోతుందని ఎవరికీ చెప్పకుండా దిగింది; తర్వాత కూడా ఇంట్లో మాకు తప్ప చెప్పలేదు. అప్పటినుంచి బాయి దగ్గరి మైసమ్మ గద్దె వైపు పోదు, చుట్టు తిరిగి నడుస్తుంది. కప్పుకు దన్నుగా కర్రలు సరిగా పెట్టలేదని బాపు బతికినన్నాళ్లూ చెప్పాడు. ఆమె వినలేదు, తనవల్లే వాళ్లు పోయారని నమ్మింది.

ఒక వేసవి సెలవుల్లో, బాయిలో పనిచేసిన ఆడవాళ్ల చరిత్ర రాద్దామని బస్తీలో ఇల్లిల్లూ తిరిగాను. "తట్టలు మోసినోళ్లకు చరిత్రేందమ్మా, రాజులు దొరకలేదా?" అని కాలేజీలో నవ్వారు.

అవ్వతో దిగిన ఒక ముసలమ్మ మొదట నన్ను బాగా నవ్వించింది.

"మీ అవ్వ తట్ట ఎత్తితే మగోళ్లు పక్కకు జరుగుతుండె, పోరీ!"

తర్వాత తలుపు దగ్గరికి వేసింది.

"ఎవలకు చెప్పకు బిడ్డా. గా దినం నేను ముట్టుతోటి దిగిన. వాళ్లను నేనే సంపిన."

మరునాడు పక్క వీధిలో ఇంకొకామె ఆ మాటే చెప్పి ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత మరొకామె. ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నేళ్లూ అదే నింద మోశారు.

ఎండలోనే ఇంటికి వచ్చాను. ఇన్నాళ్లకు అవ్వ కాదనలేని మాట దొరికిందనుకున్నాను.

"నువ్వొక్కదానివే కాదవ్వా. ఇంకా కొందరు గిదే చెప్పిండ్రు. మరి మైసమ్మకు ఎవలి మీద కోపమొచ్చినట్టు? కర్రలు సక్కగ పెట్టలే, గంతే."

బియ్యంలో రాళ్లు ఏరుతున్న అవ్వ చెయ్యి ఆగింది.

"అయితే అందరం కలిసే సంపినమా బిడ్డా?"

సభల్లో ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

అవ్వే మళ్లీ అంది: "వాళ్లెవలో చెప్పు. పోయి జర పక్కన కూసుంటా."

చెప్పనని వాళ్లకు మాటిచ్చి వచ్చాను. చేట నా వైపు లాక్కుని రాళ్లు ఏరసాగాను.