సారమ్మ ఎంచుకున్న అస్తరు రంగు

క్రిస్మస్‌కు రంగులు వేయించని ఇల్లు సారమ్మ వాళ్ల వీధిలో ఉండదు. నక్షత్రం కట్టేలోగా గోడలు ఆరిపోవాలి. ఈసారి పెయింటర్ గట్టయ్య వచ్చి గోడలన్నిటికీ తెలుపు వేసేశాడు. ఇక మిగిలింది గోడల అడుగున, నేలను ఆనుకుని జానెడు ఎత్తున సాగే సిమెంటు పట్టీ. అత్తాకోడళ్లకు పేచీ వచ్చింది దాని దగ్గరే.

"తెలుపే ఎయ్యి గట్టయ్యన్నా," అంది కోడలు సుప్రియ. "కింద తెల్ల టైల్స్, మీద తెల్ల గోడ. నడుమ ఇంకో రంగెందుకు? ఒక్కతీరుగుంటే ఇల్లు పెద్దగ కనవడ్తదట, ఫోన్ల చూసిన."

"నలుపెయ్యి," అంది సారమ్మ.

"నలుపా! అత్తమ్మా, దవాఖాన నుంచి రిటైరయిండ్రు గదా, మళ్ల దవాఖాననే ఇంటికి తెత్తాన్రా ఏంది?"

గట్టయ్య నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. సారమ్మ కూడా నవ్వింది. ఆయాగా పనిచేసినన్నాళ్లూ నల్లపట్టీ వేసిన వరండాల్లోనే తిరిగిన మనిషి ఆమె. కానీ ఇప్పుడు నలుపు అడగడానికి కారణం వేరు.

ఆమె కళ్లకు నీటికాసులు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కల మందు మానకుంటే ఉన్నది నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో మాత్రం ఆమె "చుక్కలిచ్చిండ్రు" అన్నంత వరకే చెప్పింది. తెల్ల టైల్స్ వేయించినప్పటి నుంచీ నేలా గోడా ఆమె కంటికి పాలు పోసినట్టు కలిసిపోయాయి. నేల ఎక్కడ ఆగుతుందో, గోడ ఎక్కడ లేస్తుందో కాలికి తెలియడం లేదు. బొటనవేలి గోరు ఊడితే, మంచంకోడు తగిలిందని ఇంట్లో సర్దిచెప్పింది.

చెప్పకపోవడానికి ఆమె దగ్గర గట్టి కారణమే ఉంది. పరకాలలో ఉండే ఆమె అక్కకు కూడా ఇదే జబ్బు. సంగతి తెలిసిన రోజు నుంచే పిల్లలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. కంచం చేతికందించారు, బాత్‌రూముకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. అంతా ప్రేమతోనే. చూస్తుండగానే ఆ మనిషి తన ఇంట్లో తాను నడవడం మరిచిపోయింది. మొన్న సారమ్మ వెళ్తే, పక్కగదిలోకి పోవడానికి కూడా "ఎవలన్న రాండ్రే" అని పిలిచి కూర్చుంది. అది చూసి వచ్చిన సారమ్మ గట్టిగా అనుకుంది, తన ఇంట్లో తన కాళ్ల మీద తాను తిరగాలని. దానికి ఆమెకు కావలసింది నేలకూ గోడకూ మధ్య ఒక గీత.

చివరికి హాల్లో ఒక్క గోడకు నలుపు వేసి చూద్దామన్న ఒప్పందం కుదిరింది. గట్టయ్య మంచి ఆయిల్ పెయింటు తెచ్చి, కుంచె చార కనిపించకుండా వేశాడు. సాయంత్రం ట్యూబులైటు వేయగానే సారమ్మ వంటింట్లోంచి వచ్చింది. నిగనిగలాడే నలుపు మీద లైటూ తెల్ల టైల్సూ ప్రతిఫలించి, పట్టీ అంతా తెల్లగా వెలిగిపోతోంది. ఆమె చెయ్యి చాచేలోపే మోకాలు గోడకు కొట్టుకుంది.

"ఎట్లుందక్కా?" అన్నాడు గట్టయ్య సామాను సర్దుకుంటూ. "అద్దం లెక్క మెరుత్తాంది!"

"గా మెరుపే వద్దు నాకు," అంది సారమ్మ మోకాలు రాసుకుంటూ.

మర్నాడు ఆమె రంగుల డబ్బాలన్నీ మూతలు తీయించింది. ఒక్కోటీ ఇటుకముక్క మీద పూయించి, ఆరనిచ్చి, తెల్ల టైలు మీద పెట్టి, దూరం నుంచి నడిచి వస్తూ చూసింది. బూడిదరంగు కలిసిపోయింది. నీలం మెరిసింది. విసుగెత్తి బయటికొచ్చేసరికి గట్టయ్య గేటుకు ఎర్రటి రెడాక్సైడ్ పూస్తున్నాడు. నిన్న పూసిన సగం ఆరిపోయి, ఎండ మీద పడినా మెరవకుండా మట్టిలా నిలిచి ఉంది. వాకిట్లోంచే ఆ కమ్ముల అంచులు ఆమెకు తేటగా ఆనాయి.

"గిదెయ్యి," అంది.

"గిది రంగు గాదక్కా, అస్తరు. ఇనుము తుప్పు పట్టకుంట ముంగట ఏసేది. దీని మీద రంగెయ్యాలె."

"దీని మీద ఏం ఎయ్యకు."

"నీ కాల్మొక్త, నా పేరు ఖరాబ్ జేయకు. గట్టయ్య అస్తరేసి పని ఇడిసిపెట్టి ఉరికిండంటరు!"

గొడవ విని సుప్రియ బయటికొచ్చింది. "అత్తమ్మా, ప్రేయర్‌కు అందరొస్తరు. గేటుకేసే రంగు హాల్ల ఏస్తే నవ్వరా? మీకెందుకింత పట్టు? నాకన్న చెప్పుండ్రి."

సారమ్మ ఇంకో అబద్ధం చెప్పొచ్చు. కానీ అబద్ధం చెబితే తెలుపే మిగులుతుంది.

"నీటికాసులే బిడ్డా," అంది. "కుడికన్ను శానమటుకు పోయింది. ఎడమదానికి పక్కలు ఆన్తలేవు. తెలుపు మీద తెలుపు నాకు అస్సలే ఆన్తలేదు."

సుప్రియ చటుక్కున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సారమ్మ మెల్లగా ఆ వేళ్లు విడిపించింది.

"గిందుకే చెప్పలే. పరకాల అక్కను జేసినట్టు నన్ను జేయకుండ్రి. నా చెయ్యి పట్టుకునుడు వద్దు. గోడకు రంగెయ్యుండ్రి."

సుప్రియ కొంగుతో ముఖం తుడుచుకుంది. గేటు వంక చూసింది, హాలు వంక చూసింది. కళ్లు సగం మూసి ఇంట్లోకి నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చింది.

"గట్టయ్యన్నా, అదే డబ్బా లోపటికి తే. రెండు కోట్లెయ్యి. దర్వాజల చౌకట్లు మాత్రం తెల్లగనే ఉంచు. ఎరుపు యాడ ఆగుతదో ఆడ తొవ్వున్నట్టు. అంతేనా అత్తమ్మా?"

సారమ్మకు ఆ ఆలోచన రాలేదు. "అంతే," అంది, కోడల్ని తేరిపార చూస్తూ.

ప్రేయర్ రోజు సాయంత్రం హాలంతా ఆడవాళ్లు. చివరి పాట అయ్యాక సారమ్మ వంటింట్లోంచి టీ కప్పుల ట్రే పట్టుకుని బయల్దేరింది. రెండు వైపులా ఎర్రగీత ఆమెతోపాటు సాగింది. తలుపు చౌకటి దగ్గర గీత ఆగింది. అక్కడ ఆమె మలుపు తిరిగింది. సుప్రియ సంగతంతా చెప్పడంతో రెండు రోజులుగా గుబులుగా ఉన్న కొడుకు కిరణ్, ట్రే అందుకోవడానికి లేచాడు.

"కూసో," అంది సుప్రియ అతని చొక్కా పట్టి లాగుతూ. "నీకు గూడ తెత్తది."

ఒక్క కప్పూ తొణకలేదు. పక్కింటి శ్రీలత టీ అందుకుంటూ గోడ అడుగు వైపు చూసి, మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఏంది వదినే, గేటు రంగు మిగిలిందని ఇంట్ల పూయించినవా?"

"మిగులుడా? సరిపోనే లేదు," అంది సారమ్మ, ఇంకో కప్పు తీసిస్తూ. "ఇంకో డబ్బా తెమ్మన్న. రేపు మెట్ల అంచులకు ఏపిత్తాన."