బెల్జియం బావి నీళ్ళు

ఇందులో రాసే ప్రతి మాటా నిజమని మా ఇంటి దేవత మీద, మా నల్లరేగడి మీద, సిరువాణి నీళ్ళ మీద ప్రమాణం చేస్తున్నాను. (కోయంబత్తూరు వాళ్ళం దేవుడి మీద అబద్ధపు ప్రమాణం చేసినా చేస్తాం కానీ సిరువాణి నీళ్ళ మీద చెయ్యం. భూమ్మీద అంతకంటే రుచైన నీళ్ళు లేవని మా నమ్మకం. ఎవరైనా కాదంటే వాదించం, ఇంకో లోటా పోస్తాం.)

ఆ రోజుల్లో, అంటే నా తల మీద జుట్టూ ముఖంలో సిగ్గూ రెండూ దండిగా ఉన్న రోజుల్లో, మా వైపు తెలుగు కుటుంబాలు కొన్నిటిలో ఒక ఆచారం ఉండేది. ఎన్నో తరాల కిందట ఇక్కడికి వచ్చి, ఈ నేలలో బావులు తవ్వుకుని బతికినవాళ్ళం కదా, పిల్లనిచ్చే ముందు జాతకం కంటే నీళ్ళే ముఖ్యంగా చూసేవాళ్ళు. పెళ్ళికొడుకు తన తోట బావిలో నీళ్ళు తన చేత్తో తోడి, గాజు సీసాకు పట్టి, దారిలో ఎక్కడా నేల మీద పెట్టకుండా పిల్ల ఇంటికి తీసుకుపోవాలి. ఆ ఇంటి పెద్ద మూడు గుక్కలు రుచి చూస్తాడు. మొదటి గుక్క నాలుకకి, దాన్ని ఉమ్మేస్తాడు. రెండోది గొంతుకి, మూడోది కడుపుకి. అప్పుడు "సరి" అంటే పెళ్ళి. ఏమీ అనకుండా కాఫీ తెమ్మన్నాడంటే, తాగేసి బస్సెక్కాలి.

నాకొచ్చిన కష్టమేమిటంటే, మా బావి నీళ్ళు ఉప్పు. అదీ మామూలు ఉప్పు కాదు. మా అమ్మ పప్పులో ఉప్పు వెయ్యడం ఎప్పుడో మర్చిపోయింది. మా ఎద్దులు తొట్టిలో మూతి పెట్టి, పైకెత్తి, మేమేదో మాట తప్పినట్టు మా వంక చూసేవి. ఇంకో కష్టం, నేను మనసు పడిన పిల్ల తాతని అవినాశి చుట్టుపక్కల అందరూ నీళ్ళ తాత అనేవాళ్ళు. బోరు వేసిన ప్రతివాడూ మొదటి చెంబు ఆయన దగ్గరికే తెచ్చేవాడు. గుక్కెడు తాగి, ఎన్ని అడుగుల లోతు, పక్కన ఏ చెట్టుంది, ఏ పంట వేస్తే నిలుస్తుంది, అన్నీ చెప్పేవాడట. అప్పటికే మనవరాలి కోసం వచ్చిన నాలుగు సీసాలకి కాఫీ తెప్పించాడు. ఆ పిల్ల తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీ ఆఫీసులో పని చేస్తూ, విదేశీ కొనుగోలుదారులతో తడబడకుండా మాట్లాడేది. ఒక పెళ్ళి పందిట్లో నేను చెప్పిన పులి కథ మొత్తం విని, "పులి చారలు పొడుగా, అడ్డమా?" అని ఒకే ప్రశ్న అడిగింది. ఆ క్షణం నుంచి ఆమె తప్ప నాకింకెవరూ వద్దనిపించింది.

అప్పుడు నేను స్పిన్నింగ్ మిల్లులో సూపర్వైజరుని. అక్కడ నా స్నేహితుణ్ణి అందరం స్పిండిల్ అని పిలిచేవాళ్ళం. (అంటే మిల్లులో గిరగిరా తిరిగే కదురు. మనిషి సన్నం, నిలకడగా ఉండడు.) మిల్లువాళ్ళు వాణ్ణి యంత్రాల పని నేర్చుకు రమ్మని మూడు వారాలు అమెరికా పంపారు. వస్తూ వస్తూ రెండు పెద్ద గోధుమరంగు గాజు సీసాలు తెచ్చాడు. తీగ కమ్మీతో బిగించే పింగాణీ మూతలు. లేబుళ్ళు అక్కడే పీకేశాడు, వాళ్ళమ్మ ఇంగ్లీషు చదవగలదని భయం.

ఆదివారం పొద్దున క్వార్టర్సులో ఒక సీసా తెరిచాం.

"ఇది మామూలు బీరు గాదురా" అన్నాడు స్పిండిల్. "బెల్జియం దేశంలో సన్యాసులు కాచేది. రెండింతల ఘాటు. అమెరికావాళ్ళు దాన్ని చూసి, చేదు తక్కువుండాదని, హాప్స్ అని ఒక తీగపువ్వు మూటలు మూటలుగా కుమ్మరించినారు."

"సన్యాసులు కాచేదా? అంటే ప్రసాదం మాదిరి."

"ఆ, అట్లనే అనుకో. కళ్ళకద్దుకుని తాగు."

నేను నిజంగానే కళ్ళకద్దుకుని తాగాను. మొదట పండిన అరటిపండు, దాని వెనక లవంగం తగిలాయి. పరవాలేదే, సన్యాసులు తీపి మనుషులే అనుకునేలోపు అమెరికా వచ్చిపడింది. దబ్బకాయ తొక్క కొరికినట్టు, ఆపైన సాంబ్రాణి నమిలినట్టు, చివరికి జ్వరమొస్తే మా అమ్మ ముక్కు మూసి పోసే నేలవేము కషాయం మొత్తం ఒక్కసారిగా నాలుక వెనక కూర్చుంది. కూర్చున్నది లేవలేదు. రెండో గ్లాసుకి చెవులు వేడెక్కాయి. మూడో గ్లాసుకి నా బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. (అలాంటి సమయంలో పుట్టిన ఉపాయాన్ని మర్నాడు కూడా ఉపాయమే అనుకోవడం ఆ వయసు లక్షణం.)

ఉపాయం ఇదీ. ఖాళీ సీసా బాగా కడిగి, కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మా అక్క ఇంటి కొళాయి కింద సిరువాణి నీళ్ళు పట్టి, మా బావి నీళ్ళని చెప్పి నీళ్ళ తాతకి ఇవ్వడం. రెండో సీసా స్పిండిల్ ఇంట్లో పెట్టే వీలు లేదు కాబట్టి, అదీ నాతోనే అక్క ఇంటికి వచ్చింది. నీళ్ళ సీసా, బీరు సీసా రెండూ వంటింటి గూట్లో పక్కపక్కన నిలబెట్టి నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున అక్క పసుపురంగు గుడ్డసంచిలో తాంబూలం, పూలు, సీసా సర్ది చేతికిచ్చింది. నేను బస్సుకి పరుగెత్తాను.

ఆచారం ప్రకారం సీసాని అవినాశి దాకా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎండ మండుతోంది. ఆ బస్సు ప్రతి గుంతనీ పేరుపేరునా పలకరించింది. నా ఒళ్ళో సీసా గంటసేపు ఎగిరెగిరి పడింది.

పిల్ల ఇంటి వరండాలో నీళ్ళ తాత స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన పిల్ల తండ్రి. ఆయన కల్లు పేరెత్తినా లేచి స్నానం చేసే మనిషని అందరికీ తెలుసు. పిల్ల గుమ్మానికి ఆనుకుని నన్నే చూస్తోంది.

"దారిలో కింద పెట్టలేదు గదా అబ్బయా?" అన్నాడు తాత.

"లేదు తాతా. ఒళ్ళో దా పెట్టుకొని వచ్చినాను." (ఏ మాటనైనా ఒత్తి చెప్పాలంటే మా వైపు చివర "దా" తగిలిస్తాం.)

"నీ చేత్తోనే తోడినావా?"

"నా చేత్తోనే తాతా."

తాత తీగ కమ్మీ మీద బొటనవేలు పెట్టాడు. టపాకాయ పేలినట్టు మూత లేచింది. తెల్లటి నురగ మూరెడెత్తు ఎగిరి ఆయన పంచె మీద, పిల్ల తండ్రి నుదుటి విభూతి మీద పడింది. అక్క సంచిలో సర్దింది రెండో సీసా అని నాకు అర్థమైపోయింది. ఉన్నచోటే నేలమీద కూర్చున్నాను. అందరూ వినయమనుకున్నారు.

తాత మాత్రం చలించలేదు. "ఊట" అన్నాడు గౌరవంగా. "ఏమి ఊటరా ఇది. సీసాలో గూడా నిలవకుండా ఉండాది."

మొదటి గుక్క తీసుకున్నాడు. ఆచారం ప్రకారం ఉమ్మాలి. కాసేపు ఆలోచించి మింగేశాడు.

"అరటి ఉండాది. బావికి తూర్పున అరటి తోట. వేళ్ళు నీళ్ళలో దిగినాయి."

"వీళ్ళ తోట నేను చూసినాను నాయనా" అన్నాడు పిల్ల తండ్రి. "జొన్నచోళం దా వేసినారు. అరటి కంటికి పడలేదు."

"నీ కంటికి ఏమి పడుతుంది. ఉండు." రెండో గుక్క. "పడమర దబ్బచెట్టు. ముదురు చెట్టు. దాని పక్కన వేప, ఒకటి గాదు, తోపు. అందుకే ఈ చేదు. కడుపులో పురుగు నిలవదు." మూడో గుక్క. "లవంగం. లవంగం ఈ నేలలో రాదే." కళ్ళు మూసుకున్నాడు. "అదీ సంగతి. ఊట మలయాళం కొండల్లో పుట్టి, లవంగం తోటల కింద నడిచి, పాలక్కాడు కనుమలో దూరి వీళ్ళ బావిలో తేలుతుండాది. అంత దూరం నడిచిన నీళ్ళు గనక, చూడు, కొంచెం వేడి గూడా ఉండాది."

మూడు గుక్కలతో ఆచారం అయిపోయింది. నాలుగో గుక్క దేనికని కొడుకు అడిగితే, మోకాలికి అన్నాడు. అయిదోది మోకాలి నొప్పికి. ఆరో గుక్క తరవాత మా బావి కింద ఏనుగులు స్నానం చేసిన ఆనవాలు ఉందన్నాడు. తరవాత నన్ను దగ్గరికి జరిపి కూర్చోబెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, తన పెళ్ళిలో మామగారికి తానే పక్కతోట బావి నీళ్ళు తీసుకుపోయి ఇచ్చానని ఊరందరికీ వినబడేంత రహస్యంగా చెప్పాడు. లోపల నుంచి అవ్వ, "యాభై ఏండ్లకి ఈ రోజు దా నోరు తెరిచినావా" అంది.

పిల్ల తండ్రి ముఖం మారింది. నుదుటి మీద తడి వేలితో తీసి వాసన చూశాడు. "తంబీ, ఆ సీసా ఇట్లా ఇయ్యి" అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. నేను లేచి నిలబడ్డాను. "మామా, తాతా, క్షమించండి. ఇది మా బావి నీళ్ళు గాదు. అమెరికావాళ్ళు కాచిన బెల్జియం బీరు. మా బావి ఉప్పు. కానీ మీ పిల్ల కోసం రోజూ కావడి వేసి మంచినీళ్ళు మోస్తాను" అని గొంతు వణకకుండా చెప్పాను. అప్పుడు తాత లేచి, తూలి, స్తంభాన్ని పట్టుకుని, "నీళ్ళు అబద్ధం, మనిషి నిజం. సరి" అన్నాడు. అలా మా పెళ్ళి కుదిరింది.

ఇంతవరకూ రాసి చూసుకుంటే, సిరువాణి నీళ్ళ మీద చేసిన ప్రమాణం గొంతులో అడ్డుపడుతోంది. ఒప్పేసుకుంటాను. ఏనుగులు నిజం, విభూతి నిజం, అవ్వ అన్న మాట కూడా నిజం. ఆ చివరి ప్రసంగమే కల్పన. నేను లేవలేదు. నోరు తెరవలేదు. పిల్ల తండ్రి చెయ్యి చాపినప్పుడు నేను సీసా వంక, బయట బస్సు రోడ్డు వంక మార్చి మార్చి చూస్తున్నాను, అంతే.

సీసా అందుకున్నది ఆ పిల్ల. "ఉండప్పా. దినమూ ఆ నీళ్ళు తాగాల్సింది నేను. నేను చూడొద్దా?" అని ఎత్తి, గటగటా రెండు గుక్కలు తాగింది. కనుబొమ్మ కదపలేదు. నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసింది. "నాకు సరి దా అప్పా" అని, మిగిలినదంతా తండ్రి చేతికి అందేలోపే పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, సీసా కడిగి బోర్లించి వచ్చింది. పెళ్ళికూతురే సరి అన్నాక ఇంకెవరు కాదంటారు.

ఆ ధీరోదాత్త ప్రసంగాన్ని ఇన్నేళ్ళలో ఎన్ని విందుల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ దానికి ఒక వాక్యం కలుస్తోంది. ఆమె పక్కనే కూర్చుని వింటుంది, ఒక్కసారీ కాదనలేదు. ఈ మధ్య నేనే ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు అంతా తెలిసి నన్నెందుకు ఒప్పుకున్నావని.

"నా చేత్తోనే తోడినాను తాతా అన్నప్పుడు మీ చెవులు రెండూ మిరపపండు మాదిరి అయిపోయినాయి" అంది. "నాలుగు సీసాల వాళ్ళూ ఎంత నిజం చెప్పినారో, ఎంత అబద్ధం చెప్పినారో నాకు తెలియలేదు. ఈ మనిషైతే ఏమి చేసినా నాకు తెలిసిపోతుంది, సులువుగా కాపురం చేసుకోవచ్చు అనుకున్నాను."

ఇన్నాళ్ళూ నా కథలకి ఆమె మైమరచి వింటోందనుకున్నాను. ఇప్పుడు గమనిస్తే, నేను కథ చెబుతున్నంతసేపూ ఆమె చూపు నా ముఖం మీద ఉండదు, కొంచెం పక్కగా ఉంటుంది.