మిర్చి గోదాము మీద గిటారు

ఆ గిటారును నేను మొదటిసారి విన్నది ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణం ముందు. ఆదివారం పొద్దున, ఏడాదికి సరిపడా ఎండుమిర్చి కొందామని మా నాన్నతో కలిసి వెళ్లాను. దుకాణదారు సగం షట్టరు ఎత్తి, గోనెసంచిలోంచి కాయలు తీసి చూపిస్తున్నాడు. పై అంతస్తులోంచి ఏదో శబ్దం వస్తోంది. ఎవరో సన్నాయి సాధన చేస్తున్నారనుకున్నాను.

మా నాన్న లాల్‌దర్వాజాలో ఒక గుడిలో నలభై ఏళ్లు సన్నాయి వాయించినవాడు. చేతిలోని కాయను సంచిలో పడేసి, తల పైకెత్తి నిలబడిపోయాడు.

"సన్నాయి గాదు బిడ్డా, తీగ. గని తీగను ఊదుతున్నడు," అన్నాడు.

దుకాణదారు నవ్వి, పైన తన తమ్ముడూ వాడి దోస్తులూ ఉన్నారని, చూడాలనుకుంటే మెట్లెక్కమని చెప్పాడు. ఎక్కాం. గదిలో మూడు వైపులా మిర్చి బస్తాలు. నాలుగో వైపు డ్రమ్ముల వెనక దుకాణదారు తమ్ముడు. అతని పక్కన బేస్ గిటారుతో ఒక సన్నటి మనిషి. కిషన్‌బాగ్‌లో దర్జీ పని చేస్తాడట. కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి చేతిలో గిటారు ఉంది. నేను వెంటనే తుమ్మడం మొదలుపెట్టాను. వాళ్లు ఆపలేదు. ఆ ఘాటులో ఎవరూ నోరు తెరిచి పాడలేరు కాబట్టే వాళ్ల బ్యాండులో పాటగాడు లేడని తర్వాత తెలిసింది. ఇద్దరు ముగ్గురు వచ్చి, దగ్గి, వెళ్లిపోయారట. చివరికి పాడాల్సిందంతా గిటారే పాడటం మొదలుపెట్టింది.

ఆ గిటారిస్టు ఒక బస్సు డిపోలో మెకానిక్. చిన్నప్పుడు చర్చిలో కీర్తనలకు గిటారు వాయించి నేర్చుకున్నాడు. మా వెనక గల్లీలోనే అద్దెకుంటాడు, అయినా అప్పటిదాకా నేను అతన్ని ఖాకీ బట్టల్లో సైకిలు తొక్కుకుంటూ వెళ్లే మనిషిగానే చూశాను. తాము వాయించేదాన్ని సైకెడెలిక్ రాక్ అంటారని అతనే చెప్పాడు. అంటే ఏమిటని అడిగాను.

"నాకు గూడ మస్తు రోజులు తెల్వలే అక్కా," అన్నాడు. "జరమొచ్చి పండుకున్నప్పుడు గోడ మీది మరక కదిలినట్టు కనవడ్తది సూడు. గట్ల కదలాలె పాట."

అప్పటినుంచి చాలా ఆదివారాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆ బస్తాల మధ్య కూర్చున్నాను. నాకు రాక్ సంగీతం తెలియదు. సర్కారు ఆఫీసులో ఫైళ్లు చూసే ఉద్యోగం నాది. కానీ సన్నాయి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఒక స్వరాన్ని ఎవరు ఎలా పట్టుకుంటారో వినబడుతుంది. అతను తీగను నెమ్మదిగా వంచేవాడు. పై స్వరం అందబోతుండగా ఆగిపోయేవాడు. ఆ అందీ అందని చోట స్వరాన్ని నిలబెట్టి వణికించేవాడు. దర్జీ ఇచ్చిన పాత కరెంటు కుట్టుమిషను పెడల్ లోపల వైర్లు మార్చి, దాన్ని కాలితో నొక్కుతూ శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండేవాడు. దానివల్ల స్వరం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. గదిలోకి ఎవరో తలుపు చప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నట్టు ఉండేది.

బయట మాత్రం వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఒక కాలేజీ ఉత్సవంలో అవకాశం దొరికింది. రెండో పాట సగంలోనే "సినిమా పాట కొట్టుండ్రి!" అని అరుపులు. మూడో పాటకు కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేనూ, మా నాన్నా, కుర్చీలు పేర్చడానికి వచ్చిన ఒకాయనా మిగిలాం. గిటారిస్టు మా ముగ్గురి కోసం ఆ పాటను చివరిదాకా, ఒక్క వరసా కోసేయకుండా వాయించాడు. కుర్చీలాయన పేర్చిన వాటిలోంచి ఒకటి మళ్లీ దించుకుని కూర్చున్నాడు. గిటారిస్టు స్టేజీ దిగి వస్తుంటే నేను బాగుందన్నాను. "డ్రమ్ములు ఇన్నవా, ఎట్ల కొట్టిండో!" అన్నాడు. మెచ్చుకుంటే ఎప్పుడూ అంతే, పక్కవాడి మీదికి తోసేసేవాడు. బహుశా అందుకే అతని సంగతి ఎవరికీ తెలియలేదు.

కిందటేడు ఎండాకాలంలో వాళ్లకు ఒక స్టూడియో దొరికింది. దర్జీ దగ్గర చొక్కాలు కుట్టించుకునే ఒకాయన తన చిన్న రికార్డింగు గదిని ఒక రోజు వాళ్లకు వదిలేస్తానన్నాడు. ఇన్నేళ్లలో మొదటి రికార్డింగు. ముగ్గురూ వాయించాల్సిన వరసలు ఎంచుకోవడంలో పడ్డారు. ఆ హడావుడి మధ్యే ఒక ఆదివారం గిటారిస్టు వాయిస్తూ వాయిస్తూ ఆపేశాడు.

"అక్కా, ఎడమ దిక్కు స్పీకర్ వస్తలేదా?"

"వస్తుంది తమ్మీ. మంచిగనే వస్తుంది."

అతను స్పీకర్ దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి పెట్టాడు. అది అదురుతోంది. అతని ముఖంలో రంగు పోయింది. "వైరు లూజున్నట్టుంది," అని మిగతావాళ్లకు చెప్పి, తల పక్కకు తిప్పుకుని, కుడి చెవిని స్పీకర్ వైపు పెట్టి వాయించాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. డిపోలో డ్యూటీ పడిందని ఫోన్ చేశాడట. డ్రమ్మరు నమ్మాడు. నేను నమ్మలేదు.

ఆ సోమవారం సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ వాళ్ల ఇంటి ముందు ఆగాను. అతను గడపలో కూర్చుని ఉన్నాడు. నేను ఎడమవైపునుంచి పిలిచాను. పలకలేదు. ఎదురుగా వెళ్లి నిలబడితే లేచాడు.

"నాకు ఎడమ చెవు ఇనవడ్తలేదు అక్కా," అన్నాడు. "పదిహేను రోజులాయె. బావి లోపలికెల్లి ఎవరో మాట్లాడినట్టుంటది. డిపోల ఇంజన్ల సప్పుడు, మీదికెల్లి మా స్పీకర్లు. పోయింది. ఇగ నా పని అయిపోయింది."

"దవాఖానకు పోయినవా?"

"పోతే ఏమంటరు? పోయిందంటరు. అది ఇనలేక పోతలేను."

ఇంట్లో చెప్పలేదట. బ్యాండువాళ్లకు చెబితే రికార్డింగు ఆపేస్తారని భయం. అలాగని ఒక చెవితో వాయించి, తప్పు వాయించానో లేదో తెలియకుండా ఆ రికార్డింగు మిగలడం అంతకన్నా భయం. అతను మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేతి వేళ్లు మోకాలి మీద తీగలను వంచుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. "రేపు నేను సెలవు వెడ్త. తయారుండు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సర్కారు చెవి దవాఖానకు వెళ్లాం. చీటీ కోసం వరస, డాక్టరమ్మ గది ముందు ఇంకో వరస. బెంచీ మీద అతను నాకు ఎడమవైపు కూర్చున్నాడు, కుడి చెవి నా వైపు ఉండాలని. మధ్యలో ఒకసారి, "మీ బాపు చెవులు ఇంక మంచిగున్నయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "అదృష్టం," అన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసామె. నుదుటి మీది లైటు వెలిగించి ఎడమ చెవిలోకి చూసింది. ఇంకోసారి చూసింది. నేను కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాను.

"చెవుల ఏం పోసినవ్?" అంది.

"నూనె మేడం. ఎల్లిపాయ ఏసి కాశిన నూనె."

"ఎందుకు పోసినవ్?"

"ఇనవడ్తలేదని."

"అంతకు ముంగట? దూది గిట్ల వెట్టినవా?"

అతను డిపోలో ఇంజన్ల చప్పుడు ఆపుకోవడానికి రోజూ చెవుల్లో దూది పెట్టుకుంటానని చెప్పాడు. సాయంత్రం తీసేస్తాడట. ఆమె సన్నటి పట్టకారు తీసుకుంది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆమె మెల్లగా లాగితే నల్లగా, జిడ్డుగా, చిక్కుడు గింజంత ముద్ద ఒకటి బయటికి వచ్చింది. లోపలే ఉండిపోయిన దూది, దాని చుట్టూ గుబిలి, పైన పోసిన నూనె. సన్నటి గొట్టంతో మిగిలినదీ పీల్చేసి, పట్టకారును స్టీలు పళ్లెంలో పడేసింది.

ఠంగుమని మోగింది. అతను ఎడమవైపుకు తల తిప్పాడు.

"ఇనవడ్డదా?" అంది డాక్టరమ్మ.

అతను పళ్లెంలోని పట్టకారును తానే తీసి, మళ్లీ పడేశాడు. ఇంకోసారి. మూడోసారి తీయబోతే ఆమె నవ్వాపుకుంటూ, "పాడైతది, ఆడ వెట్టు," అని చేతిలోంచి లాక్కుంది. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. చిక్కుడు గింజంత దూది కోసం ఒక మనిషి పదిహేను రోజులుగా బతుకే అయిపోయిందనుకున్నాడు.

అయినా ఆమె పరీక్ష రాసింది. చప్పుడు చొరబడని అద్దాల గదిలో అతన్ని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినబడితే చెయ్యి ఎత్తాలి. నేను అద్దం బయటినుంచి చూస్తున్నాను. చెయ్యి లేస్తోంది, దిగుతోంది. ఒకచోట ఆగిపోయింది. టెక్నీషియను మీట మళ్లీ నొక్కాడు. చెయ్యి లేవలేదు. కొంచెం పెంచి నొక్కాడు. అప్పుడు లేచింది, సగం దాకా, అనుమానంగా.

"సన్న సప్పుళ్లు ఎడమ దిక్కు జర తగ్గినయ్," అని డాక్టరమ్మ కాగితం చూపించింది. "పోయినంత మట్టుకు తిరిగి రాదు. ఉన్నది మస్తుగుంది, దాన్ని కాపాడుకో. దూది, నూనె బంద్. చెవులకు వెట్టుకునే మంచి ప్లగ్గులు దొరుకుతయ్. స్పీకర్ సప్పుడు సగం చెయ్యి."

బయటికి వచ్చాం. ఆటోలు, బస్సులు, హారన్లు. అతను ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాడు. "హారన్ గింత మంచిగుంటదా అక్కా!" అన్నాడు.

డ్రమ్మరుకు ఆ వారమే చెప్పాడు. చెబితే సంతోషిస్తాడనుకున్నాను, డ్రమ్మరు మండిపడ్డాడు. "పదేండ్ల సంది పక్కన కూసొని కొడ్తున్న. నాకు చెప్పవా? నీ చెవు పోతే నేనేమన్న వేరేటోన్ని దెచ్చుకుంటనా?" అని అరిచి, ఆ తర్వాత కిందికి వెళ్లి చాలాసేపటికి గాని పైకి రాలేదు. వచ్చాక డ్రమ్ము మీద ఒక పాత తువ్వాలు పరిచి మెత్తగా కొట్టి చూశాడు. దర్జీ కూడా తన శబ్దం తగ్గించాడు.

స్టూడియో రోజున వాళ్లు వాయించింది నేను అన్ని ఆదివారాలూ విన్న వరసలే. కానీ చప్పుడు సగానికి తగ్గేసరికి, ఇంతకాలం ఆ హోరులో మునిగిపోయినవన్నీ పైకి వచ్చాయి. తీగ మీద వేలు జారే గరుకు, వంచిన స్వరం ఆగే చోటు, ఆగాక దాని వెనకే వచ్చే సన్నటి ప్రతిధ్వని అన్నీ వినబడ్డాయి. మా నాన్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను, కానీ బొటనవేలు మోకాలి మీద లయ వేస్తూనే ఉంది.

ఆ రికార్డింగు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది. విన్నవాళ్లు కొద్దిమందే. నాకు మాత్రం ఆ సాయంత్రమే గుర్తుంటుంది. స్టూడియో ఆయన మొదటి వరసను మళ్లీ వినిపించాడు. గిటారిస్టు కుడి చెవిని అరచేత్తో మూసుకుని, ఎడమ చెవి ఒక్కదానితోనే, మొదటినుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. అయ్యాక చెయ్యి తీసి, "ఇంకోసారి వెట్టు భాయ్," అన్నాడు. డ్రమ్మరు ఆకలేస్తోందని గొణిగాడు, కానీ లేచి వెళ్లలేదు.