కాఫీ షాపులో సాక్ష్యం

అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగు చర్చిలో నవోమి కీబోర్డు వాయిస్తే, పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతున్నవాళ్ళు కూడా పని ఆపి ఆమేన్ అనేవాళ్ళు. ఒక ఆదివారం ఆమె పై శ్రుతి అందుకోగానే, వారం రోజులుగా చచ్చి పడున్న హీటరు దానంతటదే వెలిగింది. మిషిగన్ చలి తెలిసినవాడెవడూ దీన్ని అబద్ధమనడు. పాలకొల్లు పిల్ల, కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, ఏదైనా రెండోసారి చూడందే వదలని మనిషి. పొరపాటు చేసింది అలాంటి మనిషే.

2009 ఆర్థికమాంద్యంలో ఉద్యోగాలు పోయి కంపెనీలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. నవోమికి నిద్ర దూరమైంది. బాల్కనీలో నిలబడి చంద్రుణ్ణి చూస్తే మాత్రం గుండె కుదుటపడేది. చూడటం కాస్తా దణ్ణం పెట్టడందాకా వచ్చింది. నెట్‌లో వెతికితే, చంద్రుణ్ణీ చెట్టునీ కొలిచేవాళ్ళని పాగన్లంటారనీ, వాళ్ళు కలిసి పూజ చేసుకునే చిన్న గుంపుని కోవెన్ అంటారనీ తెలిసింది. దగ్గర్లోనే ఒక కోవెన్ కొత్తవాళ్ళని కాఫీ షాపుకి రమ్మంది.

రూమ్మేట్ వర్షది కరీంనగర్. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

"కొత్తోళ్ళకి ఏం రాసిండ్రో ఇను. నలుగురున్న జాగల్నే కలువాలె. అసలు పేరు చెప్పొద్దు, ఇల్లు చెప్పొద్దు, ఆఫీస్ చెప్పొద్దు. మంచి కోవెన్ తొందరపెట్టదు, ఏడాది ఆగి చూసుకొమ్మంటది. ఒక్కదానివే రా అన్నా, ఎవ్వరికీ చెప్పకు అన్నా, లేచి వచ్చుడే."

"నాకు తెలుసులేవే."

"ఏం తెల్సు నీకు. మొన్న పిజ్జా తెచ్చిన పిలగానికి మీ తాత పేరు సుత చెప్పినవ్."

కాఫీ షాపులో అందరూ మారుపేర్లే చెప్పారు. ఒక పెద్దావిడ తన పేరు సెడార్ అంది. గుంపుకి పెద్ద, బూడిదరంగు గడ్డం మనిషి, గ్రే వుల్ఫ్ అన్నాడు. తర్వాత నవోమి వైపు తిరిగి, నీ గురించి చెప్పు అన్నాడు.

పుట్టినప్పట్నుంచీ చర్చిలో పెరిగిన మనిషిని అలా అడగకూడదు. కొత్తచోట నీ గురించి చెప్పమంటే సాక్ష్యమే, అంటే దేవుడు చేసిన మేలుతో సహా బతుకంతా లేచి చెప్పుకోవడమే. నవోమి కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి, చేతులు కట్టుకున్నాయి. చిన్నప్పుడు వచ్చిన టైఫాయిడ్‌తో మొదలుపెట్టి అమ్మ మొక్కు, ఇంటిపేరు, కంపెనీ, అపార్ట్‌మెంటు, ఆదివారం నాలుగింటి ఆరాధన, కీబోర్డు, ఇక్కడికి వచ్చినట్టు చర్చిలో ఎవరికీ తెలియదన్న మాటతో సహా అన్నీ ఒప్పజెప్పి, వందనాలు చెప్పి కూర్చుంది. సెడార్ తల వంచుకుని తన కాఫీ కప్పులోకి చూసింది. వర్ష చెప్పొద్దన్నవన్నీ చెప్పేశానని అప్పుడు తెలిసింది నవోమికి.

ఆ వారంలోనే గ్రే వుల్ఫ్ నుంచి మెసేజ్ వచ్చింది. శనివారం తన ఇంటి బేస్‌మెంట్‌లో కోవెన్‌లో చేరే ప్రమాణం, ఒక్కదానివే రావాలి. నాకు కొంచెం టైమ్ కావాలని నవోమి జవాబిచ్చింది. మీ చర్చివాళ్ళకి తెలిస్తే బాధపడతారు కదా, అని తిరుగు జవాబు.

"పోలీసోళ్ళకు చెప్పు," అంది వర్ష.

"ఏమని? బాధపడతారు కదా అన్నాడనా?"

శనివారం నవోమి తలుపు గొళ్ళెం పెట్టుకుని ఇంట్లోనే ఉంది. ఫోను మోగినప్పుడల్లా వర్షే తీసి చూసి బోర్లించింది. ఆదివారం కీబోర్డు ముందు కూర్చుని తలెత్తిన నవోమికి, వెనక వరసలో బూడిదరంగు గడ్డం కనిపించింది. ఎవరో పుణ్యాత్ములు అతని చేతిలో తెలుగు పాటల పుస్తకం పెట్టారు. దాన్ని తలకిందులుగా పట్టుకుని నవ్వుతున్నాడు. నవోమి వేళ్ళు రెండు చోట్ల తప్పాయి. ఈసారి హీటరు వెలగలేదు.

పాటలయ్యాక చర్చి నడిపే పాస్టరమ్మగారు లేచి అతని వైపు చెయ్యి చాపారు.

"మన మధ్యకి కొత్తగా ఒక బ్రదర్ వచ్చారు. వారు కూడా రెండు మాటలు సాక్ష్యం చెబుతారు."

అతను కోటు సర్దుకుని లేచాడు. నవోమి అంతకంటే ముందే లేచింది. కీబోర్డు స్టాండు కదిలి కిర్రుమంది.

"పాస్టరమ్మగారూ, ముందు నాది."

చేతులు కట్టుకుంది. "నాకు ఈమధ్య నిద్ర పట్టట్లేదండీ. చంద్రుణ్ణి చూసి దణ్ణం పెట్టుకుంటున్నాను."

"స్తోత్రం," అన్నారు ముందు వరసలో ధర్మారావుగారు, అలవాటుగా.

"అలా కొలిచేవాళ్ళ దగ్గరికి వెళ్ళానండీ. ఆ వెనక నిలబడ్డాయన వాళ్ళ పెద్ద. ఒంటరిగా నా ఇంటికి రా, లేకపోతే ఇక్కడ చెప్తాననే అర్థంలో మెసేజ్ పెట్టాడు. అందుకని నేనే చెప్తున్నా."

ధర్మారావుగారి నోరు రెండో స్తోత్రానికి తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. గ్రే వుల్ఫ్‌కి తెలుగు రాకపోయినా ఆ చూపులకి అనువాదం అక్కర్లేకపోయింది. పాటల పుస్తకం కుర్చీలో పెట్టి, కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుంటూ బయటికి నడిచాడు. మగవాళ్ళు కొందరు లేచి తలుపుదాకా వెళ్ళి, అతని కారు కదిలేదాకా నిలబడ్డారు.

నవోమి ఇంకా చేతులు కట్టుకునే ఉంది. పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి, కదిలిన కీబోర్డు స్టాండు సరిచేశారు.

"రేపు సాయంత్రం మీ ఇంటికొస్తాను. మాట్లాడుకోవాలి."

"వచ్చే వారం వాయించమంటారా అమ్మా?"

"రేపు మాట్లాడదాం అన్నానుగా. ముందు ముగింపు పాట వాయించు."

నవోమి కూర్చుంది. శ్రుతి పట్టింది. మొదటి చరణం ఎవరూ అందుకోలేదు. రెండో చరణానికి వెనకెక్కడో ఒక గొంతు కలిసింది. ఎవరిదో చూడ్డానికి ఆమె తలెత్తలేదు.